జ్వరం లేని ఊరు

మబ్బు కదలడం లేదు. చావడి అరుగు మీద కూర్చున్న ఇస్రాయేలు ఆకాశం వైపు చూశాడు, లోపలికి చూశాడు, మళ్ళీ ఆకాశం వైపు చూశాడు. లోపల కిటికీ పక్కన బల్ల మీద మైక్రోస్కోపు ఉంది. దాని అడుగున చిన్న గుండ్రటి అద్దం. ఆ అద్దం మీద వెలుతురు పడి పైకి తిరిగితే తప్ప గొట్టంలోంచి చూసే కంటికి ఏమీ కనబడదు. డాక్టర్ సాబ్ అద్దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "వెలుతురు చాలదు, జర ఆగు" అని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఇత్తడి పట్టీల కింద బిగించిన గాజుపలక మీద ఊదారంగు తేలిన నెత్తుటి మరక సాలమ్మది. సాలమ్మ ఇస్రాయేలు కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల, ఐదు రోజులుగా జ్వరం. ఊళ్ళో ఎవరి నెత్తురైనా ఆ పలకల మీదికి తీసేది ఇస్రాయేలే, సర్కారు జ్వరాల సర్వేలో అతని పని అది. ఏడేళ్ళుగా ఎన్ని వేళ్ళు పొడిచాడో అతనికే తెలియదు, కానీ ఈ పొద్దు కూతురి వేలు పట్టుకున్నప్పుడు సూది రెండుసార్లు జారింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. ముల్లు గుచ్చుకుంటే మాలవాడంతా వినబడేలా ఏడ్చే పిల్ల, ఆ వేలు ఎవరిదో అన్నట్టు చూసి కళ్ళు మూసుకుంది.

ఎండ రావాలి. శ్రావణంలో ఎండ కోసం మొక్కేవాడు ఈ తాలూకా మొత్తం మీద తనొక్కడే అయి ఉంటాడు. ముసురు పట్టిందని జొన్నచేల గట్ల మీద మనుషులు సంతోషపడుతుంటే తను మిషను బడిలో నేర్చిన ప్రార్థనలన్నీ తిప్పి తిప్పి ఒక్క గడియ ఎండ అడుగుతున్నాడు. ఎండ వచ్చాక ఏం అడగాలో మాత్రం తెలియడం లేదు. పలక మీద పురుగు కనబడాలని అడగాలా, కనబడొద్దని అడగాలా. కూతురి నెత్తుట్లో పురుగు ఉండాలని దేవుణ్ణి అడిగే తండ్రి ఉంటాడా. ఉన్నాడు, ఈ అరుగు మీద కూర్చున్నాడు. పురుగు ఉంటే అది చలిజ్వరం. చలిజ్వరం అయితే అతనికి తెలుసు. అమ్రాబాదు అడవిలో నాలుగేళ్ళు దానితోనే బతికాడు, చెంచుగూడేల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎడమ డొక్క కింద జ్వరానికి ఉబ్బే బల్ల ఎంత పెరిగిందో వేళ్ళతో కొలిచాడు, తనకే నాలుగుసార్లు వచ్చింది. అది మర్యాద తెలిసిన జ్వరం, వచ్చే రోజూ పోయే రోజూ చెప్పి వస్తుంది, వణికిస్తుంది, చెమట పట్టిస్తుంది, కొయినా గోలీ పడితే తోక ముడుస్తుంది. కొయినా డాక్టర్ సాబ్ దగ్గర ఉంది, రేకు పెట్టెలో, తాళం కింద. లడాయిలో కొయినా చెట్లు పెరిగే జావా దీవి జపానువాళ్ళ చేతిలో పడ్డప్పటినుంచి గోలీలు రావడం తగ్గిపోయింది, అందుకని పలక మీద పురుగు కనబడ్డవాళ్ళకే గోలీ. కనబడనివాళ్ళకు జ్వరం లేదు. అది సర్కారు రాసిన మాట, పురుగు లేకపోతే జ్వరం లేదు. ఒళ్ళు పెనంలా కాలుతున్నా సరే, రిజిస్టరులో లేదు అంటే లేదు.

ప్రభువా, పురుగు ఉండనీ.

చెయ్యి చొక్కా జేబులోకి పోయి ఖాళీగా తిరిగొచ్చింది, బీడీ కూడా లేదు. లోపల డాక్టర్ సాబ్ దగ్గాడు. ఆయన పట్నం మనిషి, పది రోజుల కింద వచ్చి ఈ చావడిలో మకాం పెట్టాడు, మంచివాడే, కొట్టడు, బూతులు తిట్టడు, గొంతు లేపకుండా మాట్లాడతాడు, అందుకే ఆయన అన్న మాటలు మరీ లోపలికి దిగుతాయి. మూడు వారాల కింద రేగులపల్లె నుంచి నలభై ఒక్క పలకలు పంపితే, అన్నీ చూసి, అన్నీ పక్కన పెట్టి, అతన్ని తన దఫ్తరుకు పిలిపించి ఒక్క మాట అడిగాడు. "ఇస్రాయేలు, ఒక్క మనిషి నెత్తురు తీసి నలభై ఒక్క పలకల మీద పూసినవా?" లేదు సాబ్ అన్నాడు. "మరి గింతమందికి జ్వరం అంటివి, ఒక్కదాంట్ల పురుగు లేదు. నౌకరి చెయ్యాలని ఉన్నదా లేదా?" ఆ తర్వాత బీరువాలోంచి పటం తీసి చూపించాడు. హైదరాబాదులో పెద్ద దఫ్తరులో గోడకు ఉండే పటానికి అది నకలట, ప్రతి నెలా ప్రతి ఊరినుంచి వచ్చే కాయితాలు చూసి రంగు వేస్తారట. అమ్రాబాదు వైపంతా ఎర్రగా ఉంది, కృష్ణ ఒడ్డున ఆకుపచ్చ చుక్కలున్నాయి, నల్లగొండ వైపు ఈ పద్నాలుగు ఊళ్ళూ తెల్లగా ఉన్నాయి, ఉతికిన గుడ్డలా. తెలుపంటే జ్వరం లేదని. ఆ తెల్లని జాగాలో వేలు పెట్టి డాక్టర్ సాబ్ అన్నాడు, "చూసినవా, గిది మన పని ఎంత మంచిగైందో చెప్తాంది." ఇస్రాయేలు తల ఊపాడు. ఆ వేలు కిందే రేగులపల్లె ఉంది. అందులో అప్పటికి ఇద్దరు పిల్లలు పోయారు. తల ఊపాడు. ఆ ఊపిన తల ఇప్పుడు మెడ మీద బరువుగా ఉంది.

రేగులపల్లె పోచంపల్లికి మూడు కోసుల దూరం, సాలెవాళ్ళ ఊరు. పొద్దు పొడిచింది మొదలు మగ్గాల చప్పుడే. సర్వే పని మీద ఇక్కడికి వచ్చి మాలవాడ చివర గుడిసె వేసుకున్న మొదటి నెలలో నాగులమ్మ ఆ చప్పుడుకు తలనొప్పి అన్నది, తర్వాత అది లేకపోతే నిద్ర పట్టడం లేదన్నది. జ్వరం వచ్చిందని అతనికి మొదట చెప్పింది మనుషులు కాదు, ఆ మగ్గాలే. ఎల్లేశం మగ్గం ఆగింది. మర్నాడు పక్కింటిది ఆగింది. వారం తిరిగేసరికి ఇరవై రెండింటిలో తొమ్మిది వినబడలేదు. అతను వీధి మొదట్లో నిలబడి చెవితో లెక్క పెట్టుకునేవాడు, ఎడమ పక్క మూడోది లేదు, ఐదోది లేదు, కుడి పక్క చివరిది నిన్న ఉండె, ఇవాళ లేదు. ఎల్లేశం వాకిట్లో నులక మంచం మీద పడి ఉన్నాడు, కళ్ళు చింతనిప్పులు. "చలి లేదు ఇస్రాయేలూ, వణుకు లేదు. బొక్కలు ఇరుగుతున్నయ్. కండ్ల ఎనుక సూదులు పెట్టి పొడిచినట్టున్నది" అన్నాడు. వేలు పొడుస్తుంటే చూడకుండా, "గీ నెత్తురు లడాయికి పంపుతరంట గద" అన్నాడు. పంపరని చెప్పాడు. "పంపినా ఏంది తియ్యి, గిది తాగినోడు సస్తడు" అని నవ్వబోయి, దవడ నొప్పికి ఆగిపోయాడు.

ఎల్లేశం తల్లి రామమ్మ ఎప్పుడూ ఇంటి కడప లోపలే నిలబడి ఒక్క వేలు మాత్రం బయటికి చాపేది, అతను పొడిచి చుక్క తీసుకోగానే ఆ వేలు మీద చెంబెడు నీళ్ళు పోసుకునేది. అతనికి అలవాటే. సర్కారు సూది కాబట్టి ఆ వేలైనా వచ్చింది, లేకపోతే అతని నీడ కూడా ఆ వాకిట్లో పడేది కాదు. కానీ ఆ రోజు ఆమె కడప దాటి వచ్చి అరుగు మీద కూర్చుంది, నీళ్ళు పోసుకోలేదు. చంకలో పిల్ల లేదు. రెండేళ్ళ మనవరాలు ఎప్పుడూ ఆ చంకలోనే ఉండేది. "జ్వరం ఉన్నన్ని దినాలు పిల్ల బాగనే ఉన్నది" అన్నది, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "జ్వరం ఇడిసినంక పోయింది. ఇడిసిందని నేనే తలకు పోసిన, పాలబువ్వ పెట్టిన. పొద్దు గూకకముందే కాళ్ళుచేతులు సల్లగైనయ్, ఒంటికి బందైంది. పండ్ల సందుల నుంచి నెత్తురొచ్చింది. ఎందుకయ్య, జ్వరం పోతే పానం ఉండాలె గద. గిది నీ కాయితంల రాస్కో. జ్వరం ఇడిసినంకనే పోయిందని రాస్కో." రాసుకుంట అవ్వా, అన్నాడు. రాయలేదు. పిల్ల పలక మీద పురుగు లేదు, ఎక్కడ రాస్తాడు, ఏ గడిలో రాస్తాడు. ఆ మాట కాయితం మీద పెట్టలేదు కాబట్టి అది ఎటూ పోలేదు, అతని లోపలే ఉండిపోయింది. జ్వరం ఇడిసినంక. ఈ ఐదు రోజులూ కూతురి నుదుటి మీద చెయ్యి వేసి కాలుతుంటే, కాలనీ, కాలనీ అనుకున్నాడు.

గాలి కొద్దిగా మళ్ళింది. చావడి ముందు వేపచెట్టు ఆకులు తిరగబడి వెనక వైపు చూపించాయి, మళ్ళీ సర్దుకున్నాయి. మబ్బు అంచు దగ్గర కొంచెం పలచబడ్డట్టు ఉంది, లేదు, కన్నే అలా చూస్తోంది.

రాయకపోవడం ఎంత సులువో అతనికి చిన్నప్పుడే తెలిసింది. పోయిన లడాయి అయిపోయిన ఏడు పడిసెంలా మొదలయ్యే మాయరోగం వచ్చినప్పుడు తల్లి మారెమ్మ రెండు దినాల్లో పోయింది, ఆమె పక్కన అమ్మమ్మ, ఆ పక్కన చిన్నమ్మ. మాలవాడలో మోసేవాళ్ళు మిగలక తడికలకు కట్టి లాక్కుపోయారు. తర్వాత తహసీలు నుంచి మనిషి వచ్చి ఎంతమంది పోయారని అడిగితే పట్వారి ఊరివాళ్ళ పేర్లు వరసగా చదివి, చివర్న, "మాలవాడల గూడ కొంతమంది" అన్నాడు. కొంతమంది. ఇస్రాయేలు ఆ మాట విన్నాడు, గోడ పక్కనుంచి, పదేళ్ళ వయసులో. మిషనువాళ్ళు తీసుకుపోయి చదువు చెప్పి, దవాఖానలో కట్లు కట్టడం నేర్పి, ఆ తర్వాత సర్కారు సర్వేలో మనిషి కావాలంటే అతన్ని పంపినప్పుడు, పని ఏమిటని అడిగితే, ఎవరికి రోగం వచ్చిందో పేరు పేరునా రాసే పని అన్నారు. ఆ మాటకే వచ్చాడు. పేరు పేరునా. మొదటి ఏడాది ఎంత శ్రద్ధగా రాశాడు, చెంచుగూడెంలో పుట్టిన మూడు రోజుల పిల్లకు పేరు లేకపోతే తనే పేరు పెట్టి మరీ రాశాడు. ఆ మనిషి ఎటు పోయాడు. పట్వారి భయపడి అలా అన్నాడా, బద్ధకంతో అన్నాడా, ఇన్నేళ్ళూ ఆలోచించాడు. భయంతోనే అయి ఉంటుంది. తెల్లగా ఉన్న చోట మరక పెడితే పైనుంచి ఎవడో అడుగుతాడన్న భయం. అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి వచ్చి మనసు ప్రతిసారీ పక్కకు తప్పుకుంటోంది, వేపాకుల మీదికి, మబ్బు మీదికి, మడమ మీద ఎండిన బురద మీదికి. చారల దోమ. సర్వేలో వెతకమన్న దోమ వేరే, గోడ మీద తోక లేపి వాలుతుంది, కుంటల్లో కాలువల్లో పుడుతుంది, పొద్దు గూకినంక కుడుతుంది. ఎల్లేశం ఇంట్లో మగ్గం గుంటలో అతను చూసింది అది కాదు. నడుము దాకా గుంటలోకి దిగి కూర్చుని నేసేవాళ్ళ పిక్కల చుట్టూ పట్టపగలే తిరుగుతున్న చిన్న నల్లటి దోమ, కాళ్ళకు తెల్లటి కట్లు కట్టినట్టు చారలు. గాజుగొట్టంలో పట్టాడు. దాని వెంట పడి పోయి అది ఎక్కడ పుడుతుందో కూడా చూశాడు, నూలు తడపడానికి, గంజి పెట్టడానికి ప్రతి ఇంటి వెనకా మట్టిగోలేల్లో నిలవ ఉంచే నీళ్ళలో, సన్నటి పురుగులు వంకర్లు తిరుగుతూ కిందికి మునిగి మళ్ళీ పైకి తేలుతూ. అన్నీ రాసి పంపితే డాక్టర్ సాబ్ ఎర్రసిరాతో కొట్టేశాడు, పక్కన ఒక్క మాట రాశాడు, మనది కాదు. ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోవడానికి తమ గోలెంలో చెంబు ముంచబోయి ఆగాడు. పురుగులు వంకర్లు తిరుగుతున్నాయి. ఇక్కడా అవే. నాగులమ్మ అప్పుడే పొయ్యి దగ్గర కూర్చుంది. ఊరి బావిలో వాళ్ళకు చేద వెయ్యనివ్వరు, వాగు దాకా పోయి చెలిమె తోడి రెండు కడవలు తేవడానికి ఆమెకు సగం పొద్దు పడుతుంది, ఆ గోలెం నిండడానికి ఆమె మూడు రోజులు నడిచింది. పారబోయ్ అని ఎలా అంటాడు. రేపు చెప్తాను అనుకున్నాడు. పైనుంచి మనది కాదు అని రాశారు కదా అని కూడా అనుకున్నాడు. అది అన్నిటికన్నా సిగ్గు. తనకు తెలిసింది కళ్ళతో చూసిందే అయినా, ఆ ఎర్రసిరా మాట పట్టుకుని తప్పుకున్నాడు. సాలమ్మ రోజూ ఆ గోలెం పక్కనే కూర్చుని ఆడుకునేది, కాళ్ళు గోక్కుంటూ. గోక్కుంటున్న కాళ్ళు చూశాడు. రేపు చెప్తాను అనుకున్నాడు. పదకొండు రోజులు రేపు అనుకున్నాడు.

"ఏమయ్య."

అరుగు కింద నాగులమ్మ నిలబడి ఉంది. సర్కారు నౌకరి ఉన్న అతను తప్ప వాడవాళ్ళెవరూ చావడి మెట్టు ఎక్కకూడదు కాబట్టి దూరంగా, కొంగు నడుముకు బిగించి, పరుగెత్తి వచ్చినట్టు ఎగపోస్తూ. మొహం నవ్వుతోంది.

"జ్వరం ఇడిసింది" అన్నది. "ఒళ్ళు సల్లవడ్డది. నువ్వు పోయినంక జరసేపటికే. చెమటలు వట్టినయ్. పండుకున్నది, మంచిగ నిద్రవోతాంది. నీకు జెప్పాలని ఉరికొచ్చిన. ఎల్లేశం తల్లి రామమ్మను పిల్ల కాడ కూసోబెట్టిన, ఏమనుకున్నదో ఏమో, పిలవకున్నా తనే వచ్చింది వాడలకు."

రామమ్మ వాడలోకి వచ్చిందా. ఆ కడప దాటని మనిషి మాలవాడలోకి, తన గుడిసెలోకి వచ్చి కూర్చుందంటే, ఆమెకు కూడా అదే మాట గుర్తుంది. ఇస్రాయేలు గుంజ పట్టుకుని లేచాడు. "కాళ్ళు సల్లగున్నయా" అని అడిగాడు.

"అన్నీ సల్లగనే ఉన్నయ్. గట్ల జూస్తవేంది? జ్వరం వోయిందంటున్న."

"ఒంటికి పోయిందా పొద్దటిసంది?"

నాగులమ్మ నవ్వు అక్కడికక్కడ ఆగిపోయింది. లేదు అన్నట్టు తల అడ్డంగా ఊపింది, ఊపుతూ అతని మొహంలో ఏముందో చదివింది. అతను చెప్పలేదు, ఆమెకు చేరింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి వచ్చిన దారినే పరుగెత్తింది.

ఆ పరుగు చూస్తూ ఉండగానే వాకిట్లో వేపచెట్టు నీడ పడింది. ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు, నీడ ఎక్కడినుంచి వచ్చిందని. ఎండ. మబ్బు చీలి ఎండ పడింది, తడిసిన నేల మీద, కిటికీ మీద, బల్ల మీద. లోపల కుర్చీ కిర్రుమంది. డాక్టర్ సాబ్ గొట్టం మీదికి వంగాడు. ఇస్రాయేలు గుమ్మంలో నిలబడిపోయాడు. ఇంటికి ఉరకాలి, కాళ్ళు ఉరకమంటున్నాయి, కానీ ఆ రేకు పెట్టెలో గోలీలు ఉన్నాయి, ఒక్క మాట వస్తే తాళం తెరుచుకుంటుంది, ఉరికిపోయినా చేతిలో ఏముంటుంది, ఖాళీ చేతులు. డాక్టర్ సాబ్ వేళ్ళు పలకను కొద్దికొద్దిగా జరుపుతున్నాయి, గింజ తర్వాత గింజ ఏరినట్టు. ఈ వరసలో ఉండనీ. ఈ వరసలో కాకపోతే తర్వాత వరసలో. వంద కణాలు, రెండొందలు. మళ్ళీ మొదటికి వచ్చాడు. అంతసేపు చూడడం ఎప్పుడూ లేదు. తర్వాత తల ఎత్తాడు.

"ఏం లేదు" అన్నాడు. "సాఫ్ ఉంది."

ఏ తండ్రికైనా మంచి కబురే. చెట్టు మీది ఎండ అలాగే ఉంది. తన గొంతు తనకే వినబడింది, చావడిలో ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడని గొంతు.

"సాఫ్ లేదు సాబ్. నా పిల్ల సస్తాంది. జ్వరం ఇడిసి సస్తాంది, ఎల్లేశం మనవరాలు ఎట్ల పోయిందో గట్లనే. కాదు, ఎల్లేశం బిడ్డ, రామమ్మ మనవరాలు. పలకలన్నీ ఒక్కలయి గాదు సాబ్, నలభై ఒక్కమందియి. నేను పూయలేదు. పురుగు లేదు, జ్వరం ఉన్నది. నౌకరి తీసెయ్యుర్రి, ఫికర్ లేదు. ఒక్కసారి మా ఇంటికి వచ్చి గా పోరిని ముట్టుకొని జూడుర్రి. కండ్లతోని కాదు, చేతితోని."

అని ఆగాడు. డాక్టర్ సాబ్ కోప్పడలేదు. కుడిచేతి చొక్కా గుండీ విప్పి, మెల్లగా, ప్రతి మడతకూ నొప్పి పడుతూ, మోచేతి పైదాకా మడిచాడు. తెల్లటి చర్మం మీద ఎర్రటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు.

"నాలుగు దినాలాయె" అన్నాడు. "నా నెత్తురు నేనే తీస్కున్న. మూడుసార్లు చూసిన. సాఫ్. బొక్కలు ఇరుగుతున్నయ్ ఇస్రాయేలు, గీ కుర్చీల కూసుంటే లేవలేకపోతున్న. దీనికి కితాబుల పేరున్నది, డెంగీ అంటరు. సముద్రం పక్కన ఊళ్ళల్ల వస్తదని రాసిండ్రు. చారల దోమ అని కూడా రాసిండ్రు. నేను చదివిన. చదివే ఎర్రసిరా పెట్టిన." మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "పేరున్నది గని మందు లేదు. అందుకే నాకు గూడ చెప్ప బుద్ధి కాలేదు. నడువు."

ఇద్దరూ ఎండలో నడిచారు. డాక్టర్ సాబ్ అడుగు అడుగుకీ పళ్ళు బిగిస్తున్నాడు. వీధి మలుపులో, "గా నలభై ఒక్కమంది పేర్లు రాసిపెట్టినవా?" అని అడిగాడు. రాయలేదు సాబ్, పలకల మీద నంబర్లే ఏసిన, పేర్లు యాదికున్నయ్, అన్నాడు ఇస్రాయేలు, అని చెప్పడం మొదలుపెట్టాడు, ఎల్లేశం, ఎల్లేశం తమ్ముడు లింగస్వామి, లింగస్వామి భార్య, చివరింటి దుర్గయ్య, దుర్గయ్య కోడలు కడుపుతో ఉన్నది, గొల్ల చెన్నయ్య ఇద్దరు కొడుకులు, వాడలో బాలస్వామి, బిక్షమ్మ, బిక్షమ్మ చెల్లె, ఆగకుండా, తడబడకుండా, ఆ పేర్లు ఆగితే కాళ్ళు కూడా ఆగిపోతాయన్నట్టు. పోయిన ముగ్గురు పిల్లల పేర్లు కూడా చెప్పాడు. సాలమ్మ పేరు మాత్రం గుడిసె వచ్చినా నోటికి రాలేదు.

డాక్టర్ సాబ్ నడుము వంచి గుడిసెలోకి దూరి నేల మీద కూర్చున్నాడు. రామమ్మ పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని ఉంది. నాగులమ్మ పాదాలు రుద్దుతోంది, చలికాలం బండరాళ్ళలా ఉన్నాయి పాదాలు. పెదవుల చివర్న నెత్తురు గీత. డాక్టర్ సాబ్ గడియారం తీసి మణికట్టు పట్టుకున్నాడు, చాలాసేపు పట్టుకున్నాడు, వెతుకుతున్నట్టు. ఆయన పెదవులు కదిలాయి. "నాడి దారం లెక్క కొట్టుకుంటాంది" అన్నాడు. "నీళ్ళు కాగబెట్టి సల్లార్చుర్రి. ఉప్పు జర, బెల్లం జర. చెంచాతోని, ఒక్కొక్క చెంచ, ఆపకుండ. ఒకటేసారి పోస్తే కక్కుతది." ఇస్రాయేలు అడిగాడు, గిదే మందా సాబ్. "మందు కాదు. నెత్తుట్ల నీళ్ళు నరాలల్ల నుంచి ఊరిపోతున్నయ్, గందుకే ఒంటికి వస్తలేదు, మనం లోపటికి పోస్తున్నం. పని చేస్తదో లేదో నాకు తెల్వదు. అబద్ధం చెప్పను."

చెంచా పెదవి మీద పెడితే సగం చెంపమీదికి కారేది. మళ్ళీ చెంచా. మింగిందా, మింగినట్టే ఉంది, గొంతు కదిలింది, కదలలేదేమో. మళ్ళీ చెంచా. అతను లెక్క పెట్టడం మానేశాడు, లెక్క పెడితే ఎక్కడో ఒకచోట ఆగాల్సి వస్తుంది. రామమ్మ పిల్ల చెవిలో ఏదో చెబుతూనే ఉంది, నాగులమ్మ పాదాలు వదలలేదు. డాక్టర్ సాబ్ గోడకు ఆనుకుని, నొప్పికి కళ్ళు మూసుకుని, కాసేపటికొకసారి చెయ్యి చాపి మణికట్టు పట్టుకుంటున్నాడు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది, గోడెక్కింది, సన్నబడింది. ఒకసారి పిల్ల ఊపిరి వినబడలేదు. అతని చేతిలో చెంచా ఆగింది, ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. మళ్ళీ వినబడింది. దీపాల వేళకు నాగులమ్మ వత్తి వెలిగించడానికి లేచినప్పుడు, సాలమ్మ కనురెప్పలు కదిలాయి, కళ్ళు తెరిచి ముందు రామమ్మను చూసింది, ఈమె ఎవరన్నట్టు, తర్వాత తండ్రిని చూసింది.

"నాయినా" అన్నది, ఎండిన గొంతుతో, చిరాగ్గా. "ఒంటికొస్తాంది."

గోడకు ఆనుకున్న డాక్టర్ సాబ్ కళ్ళు తెరిచాడు. ఇస్రాయేలు పిల్లను రెండు చేతులమీదా ఎత్తుకుని గుడిసె వెనక్కి తీసుకుపోయి, వీపు పట్టుకుని కూర్చోబెట్టాడు. తడినేల మీద ఆ చప్పుడు మొదలై, ఆగి, మళ్ళీ మొదలై, చాలాసేపు సాగింది. అతను ఆకాశం వైపు చూడలేదు, ఎవరినీ తలచుకోలేదు, ఆ చప్పుడు మాత్రం విన్నాడు. లోపలినుంచి డాక్టర్ సాబ్ గొంతు వచ్చింది, "పోయిందా?" పోయింది సాబ్, శానా పోయింది, అన్నాడు.

పిల్లను మళ్ళీ ఎత్తుకుంటుంటే తడిక అవతల ఎవరో నిలబడ్డారు. బిక్షమ్మ చెల్లె యాదమ్మ. ఎంతసేపటినుంచి నిలబడి ఉందో, చంకలో ఏడాది పిల్లాడు, మెడ వాల్చి ఉన్నాడు.

"అన్నా" అన్నది. "మావోనికి పొద్దుగాల జ్వరం ఇడిసింది. మంచిదే గద? రామమ్మవ్వ గిటొచ్చిందంటే భయమైతాంది. జర చూడుర్రి."

ఇస్రాయేలు సాలమ్మను గుడిసెలో నాగులమ్మ చేతుల్లో పెట్టాడు, నీళ్ళ గిన్నె, చెంచా అందుకుని, తడిక పక్కకు జరిపాడు.